కంప్యూటరు – మన ‘జ్ఞా’
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



పుస్తకములను గురించి మాట్లాడుటకు నాకంటె యోగ్యులు ఈ వేదికమీదనే ఉన్నారు. నేను చెప్పదలచినది మన పుస్తకముల పట్టికను గురించి. అది ఒకనాడు మన కన్నులయెదుటనే మాయమైపోయినది. మీలో పలువురు ఆ కథను సగమే ఎరుగుదురు.

2004లో ఒక దాత తన కార్యాలయమున వాడి విడిచిన కంప్యూటరును మన గ్రంథాలయమునకు ఇచ్చిరి. అది వచ్చిన దినమున కొబ్బరికాయ కొట్టి, తెరకు కుంకుమబొట్టు పెట్టితిమి. ఆ బొట్టు ఎండి అంటుకొనిపోయి, పుస్తకముల పేర్లలో సున్న ఏదియో, బొట్టు ఏదియో తెలియక కొన్నాళ్లు అవస్థపడితిమి. కరెంటు సంగతి మీకు చెప్పనక్కరలేదు. వేసవి మధ్యాహ్నములలో ముప్పది నలుబది పేర్లు కొట్టి, భద్రపరచు మీట నొక్కు లోపుననే తెర నల్లబడెడిది. బ్యాటరీ పెట్టె రెండు కూతలు కూసి ఊరకుండెడిది. ఆ పేర్లన్నియు మరల కొట్టవలసినదే. ఇట్లు రెండేండ్లు శ్రమించి, అక్సెషను రిజిస్టరులోని పుస్తకముల నన్నింటిని అందులోనికి ఎక్కించితిమి.

2013లో ఆ కంప్యూటరు కన్ను మూసినది. చందాలు పోగుచేసి క్రొత్తది కొని, దానిలో పట్టికను తెరచితిమి. తెలుగు అక్షరము ఒక్కటియు లేదు! ఇంగ్లీషు అక్షరములు, ఆశ్చర్యార్థకములు, డాలరు గుర్తులు బారులు తీరి నిలిచినవి. అంతకు కొంచెము ముందు ముచ్చటపడి మౌసును ముట్టి చూచిన మామిడి రైతు ఒకరు గబాలున చేయి వెనుకకు లాగుకొని, “సదువు లేనోణ్ణి మాస్టారూ, ఏదో నొక్కాను, పాడైపోయింది” అనిరి. ఆ మాట నేటికిని నా చెవులలో ఉన్నది. ఆయన తప్పు అందులో ఆవగింజంతయు లేదు. యంత్రము తడబడినప్పుడెల్ల మనము తల వంచుకొనుట అలవాటు చేసికొంటిమి. చదువుకొన్నవాడనని పేరుగల నేనును ఆ దినమున నావల్లనే ఏదో పొరపాటు జరిగినదనుకొంటిని.

జరిగినది వేరు. ఆ రోజులలో మేము వాడిన ఫాంటుకు తెలుగు రాదు. కంప్యూటరు లోపల దాచుకొనినవి ఇంగ్లీషు అక్షరములే. ఫాంటు వానికి తెలుగు వేషము వేసెడిది. వీధినాటకములో రాజు వేషము కట్టువాడు రంగుపెట్టె మరచి పొరుగూరికి పోయినచో అక్కడివారికి రాజు కనబడునా? ఫాంటు లేని క్రొత్త యంత్రములో మన పట్టికయు అట్లే అసలు ముఖముతో నిలిచినది. ఫాంటును తెచ్చి పెట్టుదమన్న, దానికి లాకు అను చిన్న బిళ్ళ యొకటి యంత్రము వెనుక తగిలించి యుండవలెను. ఆ బిళ్ళ పాత యంత్రముతోపాటు పాత సామానుల బండిలో వెళ్లిపోయినది.

చిత్రమేమనగా, ఈ రోగమునకు మందు మేము పట్టిక ప్రారంభించుటకు ముందే ఉన్నది. 1991లో వెలువడిన యూనికోడు ఏర్పాటులో ఒక్కొక్క లిపి యందలి ఒక్కొక్క అక్షరమునకు ఒక్కొక్క సంఖ్య నిచ్చిరి. తెలుగునకు 128 స్థానములు దక్కినవి. అందు అకారము 3077, జకారము 3100. ఏ దేశమున తెరచినను 3100 అనగా జకారమే. 2001నాటి విండోసు ఎక్స్‌పీకి ఆ పద్ధతిలో తెలుగును చూపు శక్తి కలదు. ఆ సంగతి మాకు చెప్పినవారు లేరు.

కాగితపు రిజిస్టరు ఉండుటచేత బ్రతికితిమి. పాఠశాల పిల్లలు రెండు వేసవులు కూర్చుండి, ఈసారి యూనికోడులో, మొదటి నుండి కొట్టిరి. అప్పుడు మరియొక చిక్కు వచ్చినది. ‘జ్ఞానము’ అని వెదకిన పుస్తకము దొరకదు. పుస్తకము అలమరలో ఎదుటనే ఉన్నది. విచారింపగా ఒక పిల్లవాడు ‘గ్నానము’ అనియు, ఇంకొకడు ‘జ్నానము’ అనియు కొట్టినట్లు తేలినది. కోప్పడుటకు నాకు నోరు రాలేదు. ఇంగ్లీషు మీటలతో ఆ అక్షరమును ఎట్లు తెప్పించవలెనో తెలియక మొదటి దినమున నేనే అరగంట తికమకపడితిని.

ఈ ‘జ్ఞా’ మన పిల్లలను మాత్రమే తికమకపెట్టలేదు. మన కంటికి అది ఒక్క అక్షరము. యంత్రమునకు జకారము, పొల్లు, ఞకారము, దీర్ఘము అని నాలుగు ముక్కలు. కంటికి కనబడని ఐదవ గుర్తు ఒకటి వాని నడుమ చేరవచ్చును. ‘రిజిస్టర్‌లో’ అని వ్రాయునపుడు రకారమును లకారముతో కలియనీయక ఆపునది ఆ గుర్తే. 2018 ఫిబ్రవరిలో, దీర్ఘమునకు ముందు ఆ గుర్తు చేరిన ‘జ్ఞా’ తెరపైకి వచ్చినంతనే ఐఫోనులలో సందేశముల యాపులు మూతపడినవి. తెరచిన మరల మూతపడినవి. తుంటరులు కొందరు కావలెననియే దానిని పంపసాగిరి. ఆపిల్ సంస్థ ఆ నెల 19న 11.2.6 అను సవరణను విడుదల చేసి ఆ దోషమును తొలగించినది. బెంగాలీ, దేవనాగరి లిపుల కూర్పులు కొన్నింటికిని అదే గతి పట్టినదట.

ఆ వార్త చదివిన సాయంకాలము నేను ఆ మామిడి రైతు తోటకు వెళ్లి వినిపించితిని. ఆయన కొంతసేపు ఆలోచించి, “అయితే మాస్టారూ, అమెరికావోళ్ల ఫోను కూడా మన జ్ఞానం దగ్గరే బోర్లాపడిందా?” అని పకపక నవ్విరి. నవ్వి, జేబులోనుండి తన ఫోను తీసి, ఏడాదిగా ఎవరిని అడుగుటకును సిగ్గుపడిన సంగతి అడిగిరి. తెరమీద ఇంగ్లీషులో ఏదో అడుగుచున్నది. ‘సరే’ అనవచ్చునా, అన్నచో బ్యాంకులోని డబ్బు పోవునా? చూడగా అది కూడ సవరణను గూర్చిన ప్రశ్నయే. ఆ భయముతో ఆయన ఏడాదిపాటు ఫోనులో పచ్చ మీట, ఎఱ్ఱ మీట తప్ప మరియేమియు ముట్టలేదు. పట్నమందలి కుమార్తె పంపిన మనుమరాలి ఫోటోలు అన్నియు తెరువబడకయే ఉన్నవి. (ఓటీపీ చెప్పుమని ఎవడైన ఫోను చేసినచో మాత్రము ఆ భయమునే ఉంచుకొనుడు.)

నాటినుండి శనివారము సాయంకాలములలో మన పఠనమందిరమున ఒక బల్ల వేయుచున్నాము. ఎవరైనను ఫోను తెచ్చి ఏ ప్రశ్నయైనను అడుగవచ్చును. చెప్పువారు ఎక్కువగా కళాశాల బాలికలు. వారికిని తెలియనిది నలుగురును కలిసి చూతురు. మొదట వచ్చి కూర్చున్నవారు ఆ రైతుగారే. నేడు మొదటి వరుసలో ఉన్నారు.

పట్టిక ఇప్పుడు మూడుచోట్ల ఉన్నది. రెండు కంప్యూటరు ప్రతులు. మూడవది పాత రిజిస్టరు. నిన్న చేరిన పుస్తకమును కూడ ముందు దానిలో సిరాతో వ్రాసి, పిమ్మట కంప్యూటరులో ఎక్కించితిమి.