కట్టి మరచిన త్రాడు

అల్లాహ్‌ను స్తుతించి, ఆయన అంతిమ ప్రవక్తపై దరూద్ పంపి, ఈ జుమా ప్రసంగాన్ని ప్రారంభిస్తున్నాము.



హజ్రత్ యూనుస్ (అలైహిస్సలాం) వృత్తాంతం మనమందరం ఎరిగినదే. అల్లాహ్ ఆజ్ఞ మేరకు ఒక మహామత్స్యం ఆయనను తన గర్భంలో భద్రపరచి తిరిగి ఒడ్డుకు చేర్చింది. అటువంటి సముద్ర మహాజీవులకు నేడు మానవుడు చేస్తున్నదేమిటో ఆలోచించండి.

అమెరికా, కెనడాల తూర్పు తీరాన రైట్ తిమింగలాలు 400 కంటే తక్కువే మిగిలాయి. లాబ్‌స్టర్ల కోసం, పీతల కోసం సముద్రపు అడుగున దించిన బోనుల తాళ్ళలో నూటికి 80కి పైగా తిమింగలాలు ఒక్కసారైనా చిక్కుకున్నవే. వాటి దేహాలపై మచ్చలే అందుకు సాక్ష్యం. కొన్ని పైకి రాలేక ఊపిరాడక మరణిస్తాయి. మరికొన్ని ఆ తాళ్ళను నెలల తరబడి ఈడ్చుకుంటూ, మేత మేయలేక, కృశించి మరణిస్తాయి. మన ఆంధ్ర తీరానికి గ్రుడ్లు పెట్టవచ్చే ఆలివ్ రిడ్లే తాబేళ్ళు సైతం ట్రాలు వలల్లో చిక్కి, ఊపిరాడక, శవాలై ఒడ్డుకు కొట్టుకువస్తున్నాయి.

“వాటిని చంపాలని ఎవరూ వల వేయలేదు కదా!” అనవచ్చు. నిజమే. సముద్రపు వేటను అల్లాహ్ మనకు ధర్మసమ్మతం చేశాడు. అయితే పిల్లి కారణంగా నరకానికి పోయిన స్త్రీని గురించి దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) తెలిపిన హదీసును గుర్తు చేసుకోండి. ఆమె దానిని కొట్టి చంపినట్లు అందులో లేదు. బంధించింది, తిండి పెట్టలేదు, తన తిండి తాను వెదుక్కొనేందుకు వదలనూ లేదు. కట్టి మరచిపోవడమే ఆమె నేరం.

సోదరులారా! ఈ భారాన్ని పేద కూలీ జాలరిపై మాత్రమే మోపడం న్యాయం కాదు. పడవ యజమాని, వర్తకుడు, చేపను భుజించే మనమూ అందులో భాగస్థులమే. తాబేలు తప్పించుకొనే మార్గమున్న వలను వాడండి. ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు ఉన్న వేట నిషేధాన్ని పాటించండి. చిరిగిన నైలాను వలను సముద్రంలో వదలకండి. అది ఏళ్ళ తరబడి నశించక, యజమాని మరచిన తరువాత కూడా ప్రాణులను పట్టి చంపుతూనే ఉంటుంది.

సముద్రం దూరమనుకునే వారు నేడు ఇంటికి వెళ్ళి, పెరట్లో కట్టిన మేక ముందు నీళ్ళున్నాయో లేదో చూడండి. త్రాడు కట్టిన చేయి ఆ త్రాటికి జవాబుదారీ.

యా అల్లాహ్! నోరులేని జీవుల ఫిర్యాదు ప్రళయదినాన మాకు వ్యతిరేకంగా నిలువకుండా మమ్మల్ని కాపాడు. ఆమీన్.