పాతబాకీ: రాతినార వలని కాన్సరు, దాని తొలి గురుతులు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



భారతమును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. నేను సహకార సంఘమున పద్దులు వ్రాయువాడను. పదవ తరగతితో నా బడిచదువు ముగిసినది. ఆ తరువాత నేర్చిన నాలుగక్షరములును ఈ గ్రంథాలయపు బీరువాల ప్రసాదమే. కావున భారతమును గూర్చి మాటలాడుట నాకు ప్రియమే. కాని గడచిన నెల కార్యవర్గము చేసిన తీర్మానమొకటి నన్ను వేరు విషయమునకు త్రిప్పినది.

25 ఏండ్లుగా మనకు నీడనిచ్చిన సిమెంటు రేకులను తీసివేసి కాంక్రీటు కప్పు వేయవలెనని ఆ తీర్మానము. మంచిదే. అయితే మన యువకులే శ్రమదానముగా ఆ రేకులను సుత్తులతో పగులగొట్టి దింపుదురనియు, ముక్కలు కావలసినవారు పశువుల పాకలలో పరచుకొనుటకు తీసికొనిపోవచ్చుననియు అందు వ్రాసియున్నది. ఆ వాక్యము చదివిన రాత్రి నాకు నిద్రపట్టలేదు. కారణము చెప్పుటకే నేడు నిలుచున్నాను.

ఆ రేకులలో సిమెంటుతోపాటు నూటికి ఇంచుమించు 10 పాళ్ళు ఆస్‌బెస్టాస్ అను ఖనిజముండును. మనవారు దానికి రాతినార అని చక్కని పేరు పెట్టిరి. అది రాయియే, కాని నారవలె చీలును. అగ్నికి కాలదు, త్రుప్పు పట్టదు, చివుకదు. ఇది ఎక్కడనో దూరదేశమున మాత్రమే దొరకు వస్తువనుకొనరాదు. మన కడప జిల్లా పులివెందుల ప్రాంతమున, బ్రాహ్మణపల్లె, లింగాల పరిసరములలో, వేంపల్లె సున్నపురాతి పొరలలో తెల్ల రాతినార కలదు. పూర్వము దానిని త్రవ్వి తీసిరి కూడ. మన దేశమున 1986 నుండి రాతినార గనులకు క్రొత్త కౌళ్ళు నిలిపివేయబడినవి. గనులు మూతబడినను, విదేశములనుండి తెచ్చిన నారతో రేకుల తయారీ నేటికిని సాగుచునేయున్నది. బ్రిటనులో తెల్లనారతో సహా అన్ని రకములును 1999 లో నిషేధింపబడినవి. ఆస్ట్రేలియాలో 2003 డిసెంబరు 31 నుండి నిషేధము అమలయినది.

వారు నిషేధించిరన్న, కారణము లేకపోలేదు. 1924 లో ఇంగ్లండు దేశపు రాచ్‌డేల్ పట్టణమున నెల్లీ కెర్షా అను రాతినార కార్మికురాలు 33 ఏండ్ల వయస్సున మరణించెను. కుక్ అను వైద్యుడు ఆమె ఊపిరితిత్తులను సూక్ష్మదర్శినితో పరీక్షించి, అందు గ్రుచ్చుకొనియున్న ఖనిజపు రేణువులను చూచెను. 1931 లో అచ్చట ధూళిని నివారించుటకు నిబంధనలు వచ్చినవి. 1955 లో రిచర్డ్ డాల్ అను శాస్త్రజ్ఞుడు రాతినార కార్మికులలో ఊపిరితిత్తుల కాన్సరు అధికమని నిరూపించెను. 1960 లో దక్షిణాఫ్రికాలో వాగ్నర్ అను వైద్యుడును, ఆయన సహచరులును, 33 మంది రోగులను గూర్చి ప్రకటించిరి, వారిలో ఎక్కువమంది నీలి రాతినార గనుల ప్రాంతముతో సంబంధము కలవారు. వారికి వచ్చినది మీసోథీలియోమా, అనగా ఊపిరితిత్తులను కప్పియుండు పొరకు పట్టు కాన్సరు. వారిలో గనిలో పనిచేసినవారే కాదు, గని దరిని బాల్యము గడపినవారును కలరు. పారను పట్టనివారిని కూడ ఆ ధూళి విడువలేదు.

ఆ నార పోగులు కంటికి కనబడనంత సన్ననివి. ముక్కులోని వెండ్రుకలును, గొంతులోని శ్లేష్మమును వానిని పూర్తిగ ఆపజాలవు. అవి ఊపిరితిత్తుల అడుగునకు చేరును. శరీరమున చెత్తను మ్రింగి శుభ్రపరచు కణములు కలవు గాని, ఈ పొడవైన రాతిపోగును అవి మ్రింగలేవు, కరగింపలేవు. పోగున్నచోట వాపు వచ్చి తగ్గక మాటిమాటికి రగులుచుండును. కొన్నింటి గమనము పైపొర దాక సాగును. ఏండ్లు గడచిన పిమ్మట ఆ రాపిడి వలన కణములు కట్టుతప్పి పెరుగ మొదలిడును. మీసోథీలియోమాకు ఈ వ్యవధి సామాన్యముగా 20 మొదలు 50 ఏండ్లు.

భారతములోని పరీక్షిన్మహారాజు కథ మీరెరుగుదురు. తక్షకుడు పండులో చిన్న పురుగై రాజు చేతికి చేరెను. రాజునకు ఏడు దినముల గడువు కలదు, ఆ గడువు ఆయనకు తెలియును. ఈ రాతిపురుగు నలువది ఏండ్లు పండులోనే పడుకొనును. గడువెప్పుడో ఎవరికిని తెలియదు. నా వృత్తి భాషలో చెప్పవలెనన్న, ఇది పత్రము లేని పాతబాకీ. అప్పు చేసిన దినము మరచిపోవుదుము, ఋణదాత మరువడు.

ఇది పుస్తకములలో మాత్రమే చదివి చెప్పుట లేదు. మా అన్నగారు 1982 లో, ఇరువది ఏండ్ల ప్రాయమున, పట్టణమునకు పోయి రేకులు కోయు పనిలో చేరిరి. తొమ్మిదేండ్లు చేసిరి. సాయంత్రము ఇంటికి వచ్చునప్పటికి తలయు కనుబొమలును పిండి చల్లినట్లు తెల్లగా నుండెడివి. మా వదినగారు ఆ బట్టలను దులిపి ఉతికెడివారు. 1991 లో ఊరికి మరలి వచ్చి సేద్యము చేసికొనిరి. ఆ పని మేమందరము మరచితిమి.

2017 లో చెరువుకట్ట ఎక్కునప్పుడు ఆయాసము మొదలయినది. వయస్సు మీరినదనుకొన్నారు. కుడిప్రక్క రొమ్మున మందమైన నొప్పి, పిదప పొడిదగ్గు వచ్చినవి. పరీక్షింపగా ఊపిరితిత్తి చుట్టు నీరు చేరినదని తేలినది. కఫములో క్షయక్రిములు కనబడకపోయినను, మన ప్రాంతమున అట్టి నీరు క్షయ వలననే తరచుగ చేరును గనుక క్షయ మందులిచ్చిరి. నీరు తీసిరి, మూడు వారములలో మరల చేరినది. మరల తీసిరి, మరల చేరినది. ఇట్లు అయిదు నెలలు గడచినవి. అప్పుడు నగరములోని ఒక వైద్యుడు, “మీరు పడుచుతనమున ఏ పని చేసితిరి?” అని అడిగెను. అంతవరకు ఆ ప్రశ్న ఎవరును అడుగలేదు, మేమును చెప్పలేదు. ముక్క తీసి పరీక్షింపగా మీసోథీలియోమా యని తెలిసినది. 2018 లో ఆయన గతించిరి. మొదట చూచిన వైద్యులను నేను నిందింపను. ఏండ్ల తరబడి పరుల పద్దులు వ్రాసిన నేను మా యింటి పద్దులో ఆ తొమ్మిదేండ్లను వ్రాయక విడిచితిని.

కావున తొలి గురుతులను విన్నవించెదను. విద్యార్థులు వ్రాసికొనవలసినదిగా ప్రార్థన.

మొదటిది ఆయాసము. నిన్నటివరకు తేలికగా చేసిన పనికి నేడు ఊపిరి చాలకపోవుట, అది వారములు గడచిన కొలది పెరుగుట. రెండవది రొమ్మునొప్పి. ఈ నొప్పి తరచుగ ఒక ప్రక్కనే మందముగా నుండును, ఒక్కొక్కప్పుడు భుజమునకు ప్రాకును. మూడవది మూడు వారములు దాటినను తగ్గని దగ్గు, లేదా పాతదగ్గు తీరు మారుట. నాలుగవది కఫములో నెత్తురు. చారయైనను సరే, ఆలసింపరాదు. అయిదవది గొంతు బొంగురుపోయి మూడు వారములైనను తేరకపోవుట. రాతినార స్వరపేటికకును కాన్సరు కలిగింపగలదు. ఆరవది కారణము లేని నీరసము, ఆకలి తగ్గుట, బరువు కోల్పోవుట, రాత్రులందు చెమట. ఏడవది ఊపిరితిత్తి చుట్టు మాటిమాటికి నీరు చేరుట. ఎనిమిదవది కడుపు ఉబ్బుట, కడుపునొప్పి. ఏలయన మీసోథీలియోమా కడుపులోని పొరకును రావచ్చును. స్త్రీలలో అండాశయపు కాన్సరునకును రాతినార కారణమగునని శాస్త్రజ్ఞులు నిర్ణయించిరి గనుక తల్లులు ఈ కడుపు గురుతును సిగ్గుపడి దాచరాదు.

ఈ గురుతులున్నవారికెల్ల కాన్సరే యని భయపడవలదు. క్షయ, ఉబ్బసము, గుండెజబ్బు మొదలగు వాని గురుతులును ఇట్లేయుండును. రాతినార వలననే ఊపిరితిత్తులు గట్టిపడు ఆస్‌బెస్టోసిస్ అను వ్యాధి యొకటి కలదు. అది కాన్సరు కాదు. కాన్సరు కాకుండ పొర మందగించుటయు కలదు. భేదము తెలిసికొనుట వైద్యుని పని. మన పని ఒక్కటే, చెప్పుట. “అయ్యా, నేను ఫలానా ఏట మొదలు ఇన్నేండ్లు రాతినార ధూళిలో పనిచేసితిని” అని అడుగక ముందే చెప్పవలెను. భర్త బట్టలు ఉతికిన స్త్రీ కూడ చెప్పవలెను. ఆ మాట విన్న వైద్యుడు ఎక్స్‌రేతో ఆగక సీటీ స్కాను తీయించును. నీటి పరీక్షలో ఏమియు తేలకపోయినను, అవసరమైనచో పొరనుండి చిన్న ముక్క తీసి పరీక్షింపించును. నీటి పరీక్ష ఒక్కటే చాలునని నమ్మరాదు. క్షయ మందులు వాడుచున్నను గుణము కనబడనిచో, మందులను స్వయముగా మానక, మరల వైద్యుని కడకు పోవలెను.

ముందు తెలిసిన ఫలమేమని కొందరడుగవచ్చును. ఊపిరితిత్తుల కాన్సరు తొలిదశలో పట్టుబడినచో శస్త్రచికిత్సతో తొలగించుటకు అవకాశము కలదు. మీసోథీలియోమా కఠినమైన వ్యాధి. పూర్తిగ నయమగుట అరుదని దాచక చెప్పుచున్నాను. ఐనను ఆయుస్సు పొడిగించు మందులు నేడు కలవు, నీరు మరల చేరకుండ చేయు ఉపాయములు కలవు. రోగి బలముగ నున్నప్పుడే ఆ చికిత్సలకు ఓర్చుకొనగలడు. మా అన్నగారి అయిదు నెలలు అందుకే నాకు నేటికిని ముల్లువలె గ్రుచ్చుచున్నవి. హైదరాబాదులోని ఎం.ఎన్.జె. కాన్సరు ఆస్పత్రి ప్రభుత్వమువారిది. పేదలకును దాని ద్వారము తెరచియున్నది.

ఇంకొక మాట, పొగత్రాగు సోదరులకు. పొగత్రాగకుండ రాతినారలో పనిచేసినవానికి ఊపిరితిత్తుల కాన్సరు ప్రమాదము, ఆ రెండును లేనివానికంటె సుమారు 5 రెట్లని అమెరికా కార్మికులపై జరిపిన పరిశోధన తెలిపినది. పొగయు నారయు కలిసినవానికి అది 50 రెట్లు దాటినది. ఇది కూడిక లెక్క కాదు, గుణకారము. పీల్చిన నారను వెనుకకు తీయలేము. బీడీని మాత్రము నేడే పారవేయగలము.

ఇక మన కప్పు సంగతి. పగుళ్ళు లేని రేకు క్రింద కూర్చుండుటకును, రేకును కోయుటకును చాల భేదము కలదు. సిమెంటులో బిగిసియున్న నార అంతగా గాలిలోనికి రాదు. సుత్తి దెబ్బయు, రంపమును, పొడి చీపురును దానిని విడిపించును. ఇంతవరకు పీల్చినను హానిలేదు అనదగిన పరిమితి ఏదియు కనుగొనబడలేదు. కావున కార్యవర్గమువారికి నా మనవి: రేకులను పగులగొట్టవద్దు. పని తెలిసినవారిని పిలువుడు. రేకులను నీటితో తడిపి, మరలు విప్పి, పగులకుండ దింపవలెను, పైనుండి విసరరాదు. పిల్లలను దరికి రానీయరాదు. ముఖమునకు చుట్టిన తువాలు ఈ నారను ఆపదు. సూక్ష్మరేణువుల కొరకు చేసిన ముఖకవచము కావలెను. పొడిగా ఊడ్వక తడిగుడ్డతో తుడువవలెను. ఆ బట్టలను ఇంటికి కొనిపోరాదు. ముక్కలు ఒక్కటియు పశువుల పాకకు పోరాదు. దట్టమైన ప్లాస్టిక్కులో చుట్టి, కాలుష్య నియంత్రణ మండలి వారిని విచారించి, వారు చూపిన చోటికే పంపవలెను. ఖర్చు కొంత పెరుగును. ఆ మొత్తము క్రింద నా వంతుగా ఒక నెల జీతమును నేడే వ్రాసికొనుడు.

చివరకు ఒక ప్రార్థన. 1995 జనవరి 27 న సుప్రీంకోర్టువారు తీర్పు చెప్పుచు, రాతినార కార్మికుల ఆరోగ్యపు లెక్కలను పనిలో చేరినది మొదలు 40 ఏండ్లు గాని, పని విరమించిన పిమ్మట 15 ఏండ్లు గాని, ఏది తరువాత ముగిసినచో అంతవరకు, భద్రపరుపవలెనని శాసించిరి. రాతినార వలని వ్యాధులు మన చట్టములలో నష్టపరిహారము పొందదగిన వృత్తిరోగములుగ చేరియున్నవి. కాని ఏ పని ఎక్కడ, ఎన్నేండ్లు చేసినదియు ఋజువు లేనివాడు ఏమని అడుగగలడు? మన యూరినుండి పనికి పోయినవారెందరో కలరు: రేకుల పనికి, ఓడలు విరుచు పనికి, బాయిలర్ల గొట్టములకు పట్టీలు చుట్టు పనికి. ఈ గ్రంథాలయమున ఒక క్రొత్త చిట్టా తెరువవలెనని కోరుచున్నాను. అందు ఎవరు, ఏ యేట, ఏ పని, ఎంత కాలము చేసిరో వారి అనుమతితో వ్రాసియుంచుదము. వైద్యుని కడకు పోవునపుడు ఆ పుట నకలు వెంట తీసికొనిపోవచ్చును.

ఆ చిట్టాను నేను ఉచితముగా వ్రాసిపెట్టెదను. మొదటి పుటలో మా అన్నగారి తొమ్మిదేండ్లు వ్రాసెదను. ముప్పదియైదేండ్లు ఆలస్యముగా వ్రాయు పద్దు అది. రెండవ పుట మీది. దానిని సకాలమున వ్రాయింపుడు.