ఫోన్‌లో మన జాడ ఎవరు రాస్తున్నారు?

(మరిపెడలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన ఇళ్లలో చాలాచోట్ల ఫోన్ ఒక్కటే. అది కాసేపు చేతికందినప్పుడు ఒక స్త్రీ విడాకుల గురించో, గర్భపరీక్ష గురించో వెతికిందనుకోండి. మర్నాడు భర్త ఫోన్ తెరిస్తే వాటికి సంబంధించిన ప్రకటనలే కనిపించవచ్చు. ఆమె ఎవరికీ చెప్పలేదు. మరి ఎలా బయటపడింది?

దీని వెనుక చాలాసార్లు ఉండేది కుకీ. 1994లో నెట్‌స్కేప్ కంపెనీ ఇంజనీరు లూ మాంటుల్లీ తయారుచేసినది. వెబ్‌సైటు మన ఫోన్‌లో ఉంచే చిన్న గుర్తుచీటీ అన్నమాట. మళ్లీ వెళ్తే ఆ చీటీతో మనల్ని గుర్తుపడుతుంది. అంతవరకూ సౌకర్యమే. అయితే ఆ పేజీలో ప్రకటనలిచ్చే కంపెనీలూ తమ చీటీలు పెట్టగలవు. అవే కంపెనీలు ఎన్నో సైట్లలో ఉంటాయి గనుక మనం చూసినవన్నీ కూడగట్టుకుంటాయి.

గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 2023లో పార్లమెంటు చేసిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం సమ్మతి స్వేచ్ఛగా, విషయం తెలిసి ఇచ్చినదై ఉండాలి. ఆ నోటీసు తెలుగులోనూ చదువుకునే వీలుండాలి. అర్థంకాని ఇంగ్లీషు కింద మీట నొక్కించుకుంటే అది సమ్మతి ఎట్లా అవుతుంది?

మన దగ్గరికి వచ్చే స్త్రీలకు ఈ మూడు మాటలు చెప్పండి. అనవసర కుకీలను తిరస్కరించాలి. ఇన్‌కాగ్నిటోలో వెతికి, పని కాగానే మూసెయ్యాలి. ఇంట్లో ప్రమాదం ఉంటే ఆ ఫోన్ ముట్టుకోకుండా, నమ్మకమైనవాళ్ల ఫోన్ నుంచి 181కి చెయ్యాలి.

మనల్ని అడగదలిస్తే మన భాషలో అడగాలని గట్టిగా కోరదాం.