రోడ్డు ప్రమాద పరిహారం: రైతు కష్టానికి విలువ కట్టించుకోవాలి

(రైతు సంఘం కార్యకర్తల శిక్షణ తరగతుల్లో ఒక న్యాయవాది చేసిన ప్రసంగ పాఠం)



మీ తరగతుల్లో మద్దతు ధర గురించి, కౌలు చట్టం గురించి, పంటల బీమా గురించి మాట్లాడుకుంటారు. నన్ను మాత్రం రోడ్డు ప్రమాదాల గురించి చెప్పమన్నారు. ఇది రైతు సమస్య ఎట్లా అయిందంటే, ఒకప్పటి మన డొంక రోడ్లు ఇవాళ నాలుగు వరుసల రోడ్లయ్యాయి. పొలానికి పోవాలన్నా, గేదెను తోలుకురావాలన్నా, కేంద్రంలో పాలు పోయాలన్నా ఆ రోడ్డు దాటాల్సిందే. దెబ్బ తగిలితే పోయేది ఒక పంట కాదు, పంట పండించే మనిషి.

నా దగ్గరికొచ్చిన ఒక కేసు చెబుతాను. ఊరూ పేరూ వద్దు. 42 ఏళ్ల కౌలు రైతు. మూడెకరాల్లో మిరప వేశాడు. సాయంత్రం పొలం నుంచి సైకిల్ మీద వస్తుంటే వెనకనుంచి కారు గుద్దింది. ఎడమ మోకాలు నుజ్జయింది. టీ కొట్టు అతను, మరో ఇద్దరు ఎత్తుకెళ్లి ఆసుపత్రిలో చేర్చారు. అక్కడ డాక్టరు "ఏమైంది?" అని అడిగితే, పోలీసు గొడవ ఎందుకని బావమరిది "సైకిల్ మీద నుంచి పడ్డాడు" అన్నాడు. కేస్ షీటులో అదే రాశారు.

మర్నాడు పెద్దమనుషులు కూర్చున్నారు. కారు యజమాని పక్క ఊరివాడే. "30 వేలు ఇస్తాడు, కేసు పెట్టొద్దు, రేపు ముఖముఖాలు చూసుకోవాలి కదా" అన్నారు. డబ్బు తీసుకున్నాడు. అది ఆపరేషను ఖర్చులో ఒక మూలకు కూడా చాలలేదు. 19 రోజుల తర్వాత పోలీసు స్టేషనుకు పోయాడు. అయిదో నెలలో నా దగ్గరికొచ్చాడు.

డబ్బు ఇచ్చేది కారు యజమాని కాదు

ఆ పెద్దమనుషులు చెడ్డవాళ్లు కాదు. వాళ్లకు తెలియని విషయం ఒకటుంది. మోటారు వాహనాల చట్టం 146వ సెక్షన్ ప్రకారం రోడ్డెక్కే ప్రతి బండికీ థర్డ్ పార్టీ బీమా ఉండి తీరాలి. ఆ బీమా ఉన్నది బండి కోసం కాదు, ఆ బండి గుద్దిన మనిషి కోసం. బీమా, లైసెన్సు సక్రమంగా ఉంటే పరిహారం కంపెనీ కడుతుంది. కేసు పెడితే పొరుగూరివాడి పొలం అమ్మించినట్టవుతుందని మనవాళ్లు మొహమాటపడతారు. ఆ మొహమాటం వల్ల మిగిలేది కంపెనీ డబ్బు. ఈసారి ఊళ్లో ఇలాంటి పంచాయితీ జరిగితే మీరు వెళ్లి ముందు ఈ మాట చెప్పండి: "కేసు పెట్టనివ్వండి, ఆయనకు ఖర్చు తప్పుతుంది, ఈయనకు న్యాయం జరుగుతుంది."

మొదటి రోజు చేయాల్సింది

ఆసుపత్రిలో జరిగింది జరిగినట్టు చెప్పాలి. "ఫలానా బండి గుద్దింది" అన్న మాట కేస్ షీటులో పడాలి. నా కక్షిదారుణ్ణి కంపెనీ వకీలు గంటసేపు అడిగింది ఆ ఒక్క వాక్యం గురించే. చివరికి టీ కొట్టు అతను వచ్చి సాక్ష్యం చెప్పాడు కాబట్టి, కారు ముందు భాగం సొట్టపోయినట్టు మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరు నివేదికలో ఉంది కాబట్టి కేసు నిలబడింది. వాళ్లు లేకపోతే పోయేదే.

బండి నంబరు ఫోనులో ఫొటో తీయండి. చూసినవాళ్ల పేర్లు రాసుకోండి. గాయపడ్డవాణ్ణి ఆసుపత్రికి చేర్చినవాళ్లను సాక్ష్యానికి రమ్మని ఎవరూ బలవంతపెట్టకూడదని 134ఎ సెక్షన్ కింద చేసిన నిబంధనలు చెబుతున్నాయి. కనుక సాయం చేయడానికి ఎవరూ భయపడక్కర్లేదు. 2025 మే నుంచి అమల్లో ఉన్న కేంద్ర పథకం కింద, గుర్తింపు పొందిన ఆసుపత్రుల్లో ఏడు రోజుల వరకు లక్షన్నర దాకా నగదు కట్టకుండా చికిత్స పొందవచ్చు. చేర్చేటప్పుడే అడగండి.

ఎఫ్ఐఆర్ అదే రోజు కావాలి. 2022 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం దర్యాప్తు అధికారి 48 గంటల్లో తొలి నివేదిక, 90 రోజుల్లో పూర్తి నివేదిక క్లెయిమ్స్ ట్రిబ్యునల్‌కు పంపాలి. పంపారా లేదా అని స్టేషనుకు వెళ్లి అడగడం కార్యకర్తగా మీ పని.

గుద్దిన బండి దొరక్కపోతే కూడా దారి ఉంది. చనిపోతే 2 లక్షలు, తీవ్ర గాయమైతే 50 వేలు వస్తాయి. దరఖాస్తు రెవెన్యూ అధికారుల దగ్గర పెట్టాలి.

గడువు, తొందరపాటు

ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు ట్రిబ్యునల్‌లో కేసు వేయాలని సవరించిన చట్టం చెబుతోంది. ఇది 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఈ గడువును సవాలు చేస్తూ సుప్రీంకోర్టులో పిటిషన్లు పడ్డాయి. వాటి మీద ఆశ పెట్టుకుని ఆగొద్దు. కేసు ప్రమాదం జరిగిన చోటే వేయాలని లేదు, మీరు నివసించే ప్రాంతంలోని ట్రిబ్యునల్‌లో కూడా వేయవచ్చు.

కేసు వేయడంలో ఆలస్యం చేయొద్దు, రాజీపడటంలో తొందరపడొద్దు. 164వ సెక్షన్ కింద తప్పు ఎవరిదన్నది చూడకుండా తీవ్ర గాయానికి రెండున్నర లక్షలు, మరణానికి అయిదు లక్షలు ఇస్తారు. కానీ ఆ డబ్బు తీసుకుంటే 166 కింద వేసిన పెద్ద కేసు రద్దవుతుంది. లోక్ అదాలత్‌లో సంతకం పెడితే దాని మీద అప్పీలు లేదు. చికిత్స పూర్తయి, కాలు ఎంతవరకు వంగుతుందో తేలకముందే సంతకం పెట్టడమంటే, కాయ కోయకముందే ధర ఒప్పుకోవడం.

అసలు సంగతి: ఎంత ఇస్తారు, ఎట్లా లెక్కకడతారు

ఇక్కడే రైతులు ఎక్కువగా నష్టపోతున్నారు. కాబట్టి నెమ్మదిగా చెబుతాను.

కంపెనీ వకీలు కోర్టులో రెండు మాటలన్నాడు. ఒకటి, "ఇతని పేరున సెంటు భూమి లేదు, కాబట్టి ఆదాయం లేదు." రెండు, "డాక్టరు 25 శాతం వైకల్యమే రాశాడు, కాబట్టి పోయిన సంపాదన 25 శాతమే."

మొదటిదానికి జవాబు 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. సయ్యద్ సాదిక్ కేసులో కాలు పోగొట్టుకున్నది కూరగాయలు అమ్ముకునే మనిషి. అసంఘటిత రంగంలో బతికేవాణ్ణి ఆదాయానికి కాగితాలు తెమ్మనడం సబబు కాదని చెప్పి, కోర్టు అతని ఆదాయం నెలకు 6,500గా తీసుకుంది. సొంత భూమి ఉన్న రైతుకు వేరే వాదన ఎదురవుతుంది: "భూమి ఎక్కడికీ పోలేదుగా!" 2003లో జస్బీర్ కౌర్ కేసులో సుప్రీంకోర్టు, భూమి కుటుంబానికే ఉన్నా సేద్యం చూసుకోవడానికి మనిషిని పెట్టుకోవాల్సి రావచ్చునని గుర్తించింది. అందుకని దెబ్బ తగిలాక దుక్కికి, మందు కొట్టడానికి, నీళ్లు కట్టడానికి ఎవరికి ఎంత కూలి ఇచ్చారో ఒక నోటుపుస్తకంలో తేదీలతో రాయండి.

రెండోదానికి జవాబు 2010 నాటి రాజ్ కుమార్ తీర్పులో ఉంది. ఎడమ చెయ్యి పోయిన డ్రైవరో వడ్రంగో పూర్తిగా పని కోల్పోవచ్చు, అదే గుమాస్తా తన ఉద్యోగం చేసుకోగలడు. శరీర వైకల్యం వేరు, సంపాదించే శక్తి పోవడం వేరు అని కోర్టు తేల్చింది. కాబట్టి డాక్టరు రాసిన అంకె దగ్గర ఆగకూడదు. ఆ అంకె ఈ మనిషి పనిలో ఏమవుతుందో చూపించాలి.

నా కక్షిదారుణ్ణి బోనులో నిలబెట్టి నేను అడిగినవి చిన్న ప్రశ్నలు. గొంతుక్కూర్చుని కలుపు తీయగలవా? నీళ్లు నింపిన స్ప్రేయరు వీపున వేసుకుని బోదెల్లో నడవగలవా? బస్తా ఎత్తగలవా? అతను "అయ్యా, కూర్చుంటే లేవలేను, లేస్తే కూర్చోలేను" అన్నాడు. చికిత్స చేసిన డాక్టరును పిలిపించి అదే అడిగాం. ఆయన అవునన్నాడు. ట్రిబ్యునల్ సంపాదన నష్టం 50 శాతంగా తీసుకుంది.

ఆ తేడా ఎంతో లెక్క చూడండి. ఆదాయం నెలకు 9,000గా తీసుకున్నారు. సొంత పని చేసుకునే 40-50 ఏళ్ల వాళ్లకు భవిష్యత్తు పెరుగుదల కింద 25 శాతం కలుపుతారు. అది 11,250 అయింది. ఏడాదికి 1,35,000. 2009 నాటి సరళా వర్మ తీర్పు పట్టిక ప్రకారం 41-45 ఏళ్ల వయసుకు గుణకం 14. మొత్తం 18,90,000. అందులో 25 శాతమైతే 4,72,500. 50 శాతమైతే 9,45,000. ఆ మూడు ప్రశ్నలు, ఒక డాక్టరు సాక్ష్యం లేకపోతే సగం పోయేది. చికిత్స ఖర్చులు, మంచాన ఉన్న నెలల కూలి, నొప్పికి, ముందుముందు చేయించుకోవాల్సిన చికిత్సకు పరిహారం దీనికి అదనం. కేసు వేసిన తేదీ నుంచి వడ్డీ కూడా అడగాలి.

ఆడవాళ్లకు దెబ్బ తగిలితే "గృహిణి" అని ఒక్క ముక్క రాసి తక్కువ కట్టే అలవాటుంది. ఇంటి పనికీ విలువ కట్టాలని 2021లో కీర్తి కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. మన ఆడవాళ్లు ఇంటి పనితో పాటు కోతకు పోతారు, పాలు పితుకుతారు. ఆ పనులన్నీ పిటిషనులో రాయించండి.

దాచుకోవాల్సిన కాగితాలు

కౌలు కార్డు, ఈ-క్రాప్ నమోదు, మార్కెట్ యార్డు కాటా చీటీలు, పాల కేంద్రం పుస్తకం, ఉపాధి హామీ జాబ్ కార్డు, పొదుపు సంఘం బ్యాంకు పుస్తకం. ఇవన్నీ మీ కష్టానికి సాక్షులే. ఆసుపత్రి బిల్లులతో పాటు ఆటో కిరాయి చీటీలు కూడా దాచండి.

మా వృత్తి గురించి కూడా ఒక మాట చెప్పాలి. ఆసుపత్రి వరండాల్లో మధ్యవర్తులు తిరుగుతుంటారు, వచ్చినదాంట్లో ఇంత శాతం అంటారు. శాతం మీద ఫీజు మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ నిబంధనలకు విరుద్ధం. ఖాళీ కాగితాల మీద, ఖాళీ చెక్కుల మీద సంతకాలు పెట్టకండి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, వికలాంగులకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కు ఫోన్ చేయండి.

మన ట్రాక్టర్ల సంగతి

గుద్దించుకునేది మనమే అనుకోవద్దు. కూలీలను ట్రక్కులో ఎక్కించుకుని పోతుంటే అది బోల్తా పడ్డ కేసులు నేను చూశాను. వ్యవసాయ పనికి బీమా చేసిన ట్రాక్టరు ట్రక్కులో మనుషుల్ని ఎక్కిస్తే మాకు బాధ్యత లేదని కంపెనీ వాదిస్తుంది. చాలాసార్లు ఆ వాదన నెగ్గుతుంది. అప్పుడు చనిపోయిన కూలీ కుటుంబానికి కట్టాల్సింది ట్రాక్టరు రైతే. ఇటు ఒక కుటుంబం, అటు ఒక కుటుంబం, రెండూ మన సంఘం కుటుంబాలే. ట్రక్కుకు కూడా బీమా ఉందో లేదో ఇంటికెళ్లి చూడండి. కూలీలను ట్రక్కులో తీసుకెళ్లకండి.

నా కక్షిదారుకు తీర్పు రావడానికి మూడేళ్లు పట్టింది. ఈలోగా కౌలు పోయింది, నూటికి రెండు రూపాయల వడ్డీకి అప్పు పెరిగింది. వచ్చిన డబ్బులో చాలా భాగం అప్పుకే పోయింది. మిగిలినదానితో రెండు గేదెలు కొనుక్కున్నాడు. మొదటి రోజే ఒక కార్యకర్త అతని పక్కన ఉండి ఉంటే, పెద్దమనుషుల ముందు, ఆసుపత్రిలో, స్టేషనులో ఒక్క మాట చెప్పి ఉంటే, అందులో కనీసం ఏడాది కలిసొచ్చేది.

అందుకే ప్రతి గ్రామ శాఖలో ఒకరు ఈ పని బాధ్యత తీసుకోవాలని కోరుతున్నాను. ప్రమాదమని తెలిసిన రోజే వెళ్లాలి. ఒక నోటుపుస్తకం, ఒక ఫైలు ఆ కుటుంబం చేతిలో పెట్టాలి. మిగతా పని మేం చూస్తాం.

సెలవు.