ప్రసంగి అడిగిన మిగులు



ఈ సభకు నన్ను అధ్యక్షుని గావించిన మీ ఆదరమునకు నేనెంతయు కృతజ్ఞుడను. అయితే నేడు ప్రస్తావింపదలచిన గ్రంథకర్త పేరు తలచుకొన్నప్పుడు నాకొక సంకోచము కలుగుచున్నది. తెలుగు బైబిలులో ‘ప్రసంగి’ అని పిలువబడు ఆయనకు హెబ్రీ మూలములోని నామము ‘కోహెలెత్’. సభ యను అర్థముగల ‘కాహాల్’ శబ్దమునుండి పుట్టి, స్త్రీలింగరూపమును ధరించి, పురుషునికే చెల్లుచున్న ఆ విచిత్రపదమునకు జనులను సమావేశపరచు వ్యక్తి యని స్థూలార్థము. ఈ సభను కూర్చిన శ్రమ కార్యకర్తలది, అగ్రాసనమున కూర్చున్న గౌరవము నాది. కనుక ఆ బిరుదులో సగమునకైనను నేను తగను. వయసు మళ్ళిన పిమ్మట నిఘంటువును ఊతగా గొని ఆ భాషలో నాలుగడుగులు వేసినవాడను మాత్రమే.

ప్రాచీన హెబ్రీయుల జ్ఞానవాఙ్మయమున సామెతలు, యోబు, ప్రసంగి యను మూడు గ్రంథములును, క్రీ.పూ. 180 ప్రాంతమున బెన్ సీరా రచించిన హితోపదేశమును ముఖ్యములు. ధర్మశాస్త్రమును ప్రవక్తల వాక్కులును ఒక జాతి నుద్దేశించి పలుకగా, మొదటి మూడు గ్రంథములును ఒంటరి మనుష్యునితో మాటలాడును. ఐగుప్తునుండి విమోచనముగాని, సీనాయి పర్వతము మీది నిబంధనగాని వానిలో ప్రస్తావనకే రావు. ఇరుగుపొరుగు దేశముల జ్ఞానముతో వానికి రాకపోకలుండెను. ఐగుప్తు లేఖకుడు అమెనెమోపె ఉపదేశములు వ్రాయబడిన పత్రమును 1923లో బడ్జ్ పండితుడు ప్రకటింపగా, మరుసటి యేటనే జర్మను విద్వాంసుడు ఎర్మాన్ సామెతలలోని ఒక భాగమునకు దానితోగల దగ్గర చుట్టరికమును చూపెను.

జీవితమునకు ప్రయోజనమేమి యను ప్రశ్నను మనవారు పురుషార్థముల పేర అడిగిరి. ప్రసంగి దానిని అంగడి భాషలో అడిగెను. గ్రంథారంభముననే ఆయన ప్రయోగించిన ‘యిత్రోన్’ అను మాటకు, వ్యయమంతయు పోగా చేత నిలుచు మిగులు అని యర్థము. హెబ్రీ బైబిలు మొత్తములో ఈ గ్రంథమునందు తప్ప అది మరెక్కడను కానరాదు. దానికి తోడుగా లెక్క యను ‘హెష్బోన్’, తరుగు అను ‘హెస్రోన్’, ఒళ్ళు వంచి చేయు చాకిరి యను ‘ఆమాల్’ పదేపదే గాని అక్కడక్కడ గాని తొంగిచూచుచుండగా, ఈయన జ్ఞానియో, పద్దులు వ్రాయు గుమాస్తాయో యని చదువరికి సందేహము కలుగును. ఉద్యానమునకు ‘పర్దేస్’ వంటి పారశీకపదములు గ్రంథములో చేరియుండుటచేత, గ్రంథకర్త ధరించిన సొలొమోను రాజు వేషము కేవలము వేషమేయనియు, కర్త అతనికి కొన్ని శతాబ్దములు తరువాతివాడనియు పండితులలో పలువురు నిర్ణయించిరి. కుమ్రాను గుహలలో దొరికిన దీని తునకలలో ప్రాచీనతరమైనవి క్రీ.పూ. 2వ శతాబ్దినాటివి కావున, కాలమును అంతకంటె దిగువకు లాగుటకును వీలులేదు.

ఆ రాజవేషములో ఆయన భవనములు కట్టించెను, ద్రాక్షతోటలు నాటించెను, చెరువులు త్రవ్వించెను, వెండిబంగారములు కూర్చెను, గాయకులను పోషించెను. అంతట కూర్చుండి లెక్క చూచుకొనగా, జ్ఞానికిని మూఢునికిని చావొక్కటియే; కూడబెట్టినదంతయు అనుభవించు వారసుడు ఎట్టివాడగునో ఎరుగరాదు. మిగులు సున్న. ఆ సున్నకు ఆయన పెట్టిన పేరే ‘హెబెల్’. గ్రంథమున ఈ మాట 38 మారులు వచ్చును.

ఇచ్చట కొంచెము నిలువవలసియున్నది. హెబెల్ అనగా ఊపిరి. చలికాలపు ఉదయమున నోటినుండి వెలువడి, కంటికి అగపడి, పట్టబోవునంతలో కరగిపోవు ఆవిరి. అన్న కయీను చేతిలో హతుడై అకాలమున పోయిన హేబెలు పేరు ఇదియే యన్నచో, తెలుగు పాఠకునికి మాట చప్పున మనసున నాటును. ఆవిరి అబద్ధము కాదు, పాపమును కాదు, నిలువదు, అంతియే. క్రీ.శ. 4వ శతాబ్ది చివర జెరోమ్ దీనిని లాటినులో ‘వానితాస్’ అనినప్పుడు ఒక ఊపిరి కాస్తా మందలింపుగా మారెను. మన అనువాదకులు ‘వ్యర్థము’ అనిరి. వారికి తెలిసి చేసిరో తెలియక చేసిరో కాని, ఆ మాటలో గొప్ప చమత్కారము జరిగినది. అర్థమనగా ధనము, అర్థమనగా ప్రయోజనము, అర్థమనగా శబ్దతాత్పర్యము. అర్థము తొలగినది వ్యర్థము. సొమ్మును, ప్రయోజనమును, తాత్పర్యమును ఒక్క నిషేధముతో త్రోసివేయగల పదము ఇతర భాషలకు సులభముగ దొరకదు. అయినను నష్టమును లేకపోలేదు: ఆవిరిలోని అందము వ్యర్థములో లేదు.

యోబు గ్రంథకర్త ఇదే లెక్కను వేరొక ద్వారమున ప్రవేశపెట్టెను. దేవుని కొలువులో అభియోగము మోపు ఉద్యోగివలె నిలిచిన సాతాను అడిగినది ఒక్కటే ప్రశ్న: యోబు భక్తి ‘హిన్నాం’ కలిగినదా? అనగా ప్రతిఫలము లేకయే, మన పల్లెభాషలో ఉత్తపుణ్యమునకే, కలిగినదా? గొఱ్ఱెలు 7,000, ఒంటెలు 3,000 కలవానికి భక్తి ఒక బేరమే కదా యని ఆతని ఎత్తిపొడుపు. తరువాతి యధ్యాయమున దేవుడే, యోబును హిన్నాం నాశనము చేయుటకు నన్ను ప్రేరేపించితివని సాతానుతో అనును. నిష్కారణమైన భక్తి యున్నదా యని అడిగిన నోటికి, నిష్కారణమైన బాధ యున్నదని అదే మాటతో జవాబు. ఈ శ్లేషలో నాకు ఎలీఫజు, బిల్దదు, జోఫరుల సుదీర్ఘవాదముల కంటె ఎక్కువ తత్త్వము కనబడును. ఆ మిత్రత్రయము బాధ యున్నచో పాపముండి తీరవలెనని పద్దు సరిపెట్టబూనినవారు. తుదకు దేవుడు తప్పుపట్టినది వారినే.

ఇక ప్రసంగి వద్దకు మరలుదము. ఆయనను నిరాశావాదియని త్రోసివేయువారు, గ్రంథమున 8 మారులు వచ్చు మరియొక మాటను చూడక దాటిపోయిరి. అది ‘హేలెక్’. యెహోషువ కాలమున చీట్లు వేసి భూమిని గోత్రములకు పంచినప్పుడు ఒక్కొక్కరికి వచ్చిన వంతు హేలెక్. దీనికి నాకు తోచిన తెలుగు ‘పాలు’. పాలికాపులోను, నా పాలిటి దైవమా యను మొరలోను ఉన్న పాలు. మిగులు తేలవలెనన్న పద్దు ముగియవలెను. మనుష్యుని పద్దు ముగియుట యనగా మరణము. అప్పుడు ఆ మిగులును చూచుకొనుటకు వాడుండడు. పాలు అట్లు కాదు. అది పని నడుచుచుండగనే, ఎండలో చెమటతో కూడియే చేతికందును. రొట్టె, ద్రాక్షారసము, తెల్లని వస్త్రము, తలకు నూనె, ప్రేమించిన భార్య, చేతికి దొరికిన పని: ఇవి నీ పాలు అని ఆయన చెప్పును. బాబిలోను గిల్గమేషు గాథలో అమరత్వమునకై తిరుగుచున్న రాజునకు మద్యశాల యజమానురాలు సిదురి చేసిన హితబోధ దీనికి మిక్కిలి సన్నిహితము. కాని ఆమె విందును, బిడ్డ చేతిని, భార్య కౌగిలిని చెప్పెను. ప్రసంగి శ్రమను సైతము ఆ పాలిలో చేర్చెను. ఆయన సొంతము ఆ చేర్పులోనున్నదని నా అభిప్రాయము.

ఆయన లోపమును దాచుట న్యాయము కాదు. బాధితుల కన్నీటిని ఆయన చూచెను, వారిని ఓదార్చువాడు లేకుండుటను చూచెను, చచ్చినవారే మేలని నిట్టూర్చి సాగిపోయెను. అదే చోట ప్రవక్త ఆమోసు నిలిచియుండినచో గొంతు చించుకొనియుండును. తన పాలు ఒకడు దోచుకొనగా వట్టిచేతులతో నిలిచినవానికి చెప్పదగిన మాట ప్రసంగి సంచిలో లేదు. యోబు కథాంతము ఈ విషయమున ఒక్క యడుగు ముందున్నది. గొఱ్ఱెలు 14,000 అయినవి, ఒంటెలు 6,000 అయినవి. ఆ రెట్టింపు నన్నెన్నడును తృప్తిపరచలేదు, చచ్చిన బిడ్డలకు రెట్టింపేమి? కాని కుమారుల పేర్లు చెప్పని ఆ కవి, యెమీమా, కెజీయా, కెరెంహప్పుకు అని కుమార్తెలను మాత్రము పేర్కొని, అన్నదమ్ములతోపాటు వారికిని తండ్రి స్వాస్థ్యమిచ్చెననును. కుమారులు లేనప్పుడే కుమార్తెలకు హక్కని మోషే ధర్మశాస్త్రము. సర్వమును పోగొట్టుకొని తిరిగి పొందినవాడు శాస్త్రమడుగని పాలు పంచిపెట్టెను.

యూదులలో ఒక శాఖవారు ప్రసంగి గ్రంథమును పర్ణశాలల పండుగ విశ్రాంతిదినమున సమాజమందిరమున చదువుదురు. అది కోతలు ముగిసి, పంట ఇల్లు చేరిన ఋతువు. గాదెలు నిండిన ఇండ్లను విడిచి ఏడు దినములు ఆకుల పందిళ్ళలో నివసించుచు, పైకప్పు సందులనుండి నక్షత్రములు కనబడుచుండగా, వారు ఆవిరిని గూర్చి విందురు.

గ్రంథముల వ్రాతకు అంతులేదనియు, అతిగా చదువుట ఒంటికి అలసటయనియు ఆ గ్రంథము చివర ఎవరో హెచ్చరిక చేర్చిరి. నా తరువాత చదువవలసిన వ్యాసములు నాలుగు వేచియున్నవి. ఆ వ్యాసకర్తల పాలి కాలమును ఇంతకుమించి హరింపక, మొదటి వ్యాసకర్తను వేదికపైకి ఆహ్వానించుచున్నాను.