పై కామా ఎక్కడ పెట్టాలి?

(పెన్షనర్ల దినోత్సవం నాడు కల్లూరులో చేసిన ప్రసంగ పాఠం)



కరువు భృతి గురించి, వైద్య ఖర్చుల గురించి నాకంటే ముందు మాట్లాడిన పెద్దలు వివరంగా చెప్పారు. నేను గుమాస్తాగా చేరి, డ్రాఫ్టులు రాస్తూ రిటైరైన వాడిని. కనుక ఇంగ్లీషు ఉత్తరాల్లో అక్షరాల నెత్తిన కూర్చునే కామా గురించి నాలుగు మాటలు చెబుతాను. దాని అసలు పేరు అపాస్ట్రఫీ. మా సెక్షనులో 'పై కామా' అనేవాళ్లం.

నవ్వకండి. కొన్నేళ్ల క్రితం మనవాళ్లు ఏడుగురు పాత బకాయిల కోసం ఒక కార్యాలయానికి ఉమ్మడి అర్జీ పెట్టుకున్నారు. సబ్జెక్టు దగ్గర 'పెన్షనర్స్ ఎరియర్స్' అని టైపు చేయిస్తే, ఎస్ అక్షరానికి ముందు పై కామా పడింది. అంటే ఒక్క పెన్షనరు బకాయి అని అర్థం. జతపరచిన జాబితా పిన్ను ఊడి ఎటో పోయింది. రెండు నెలల తర్వాత, సదరు పెన్షనరు ఎవరో, పి.పి.ఓ. నంబరు ఎంతో తెలుపవలెనని జవాబు వచ్చింది. అప్పటికి ఆ ఏడుగురిలో ఒకాయన మంచాన పడి ఉన్నారు. ఆ జవాబు రాసిన గుమాస్తాను నేను తప్పుపట్టను. కాగితం మీద ఉన్నదే ఆయన చదివాడు.

మాటను ముందు తెలుగులో అనుకోండి. 'పెన్షనరు బకాయి' అయితే కామా ఎస్ కు ముందు. 'పెన్షనర్ల బకాయి' అని 'ల' వచ్చిందా, కామా ఎస్ తర్వాత. చిల్డ్రన్, మెన్ లాంటి మాటలు ఎస్ లేకుండానే బహువచనాలు కనుక వాటికి కామా పెట్టాకే ఎస్ చేర్చాలి.

ఈ రోజు పేరుకూ ఆ 'ల' ఉంది. 1982 డిసెంబరు 17న సుప్రీంకోర్టు నకారా కేసులో తీర్పు ఇచ్చింది. 1979 మార్చి 31కి ముందు రిటైరైన వారిని, తర్వాత రిటైరైన వారిని వేరుచేసి, కొత్త పెన్షను లెక్క వెనకటి వారికి లేదనడం చెల్లదన్నది. పెన్షనర్లందరూ ఒకే వర్గమని తేలింది. అందుకే మన బ్యానరు మీద 'పెన్షనర్స్ డే' అన్నప్పుడు కామా ఎస్ తర్వాతే ఉండాలని నేను కార్యదర్శి గారితో ఏటా పోట్లాడతాను.

ఇక 'ఇట్స్'. పలకడం ఒకటే, రాతలు రెండు. పలికినట్టే రాసుకునే మనకు ఇది కొత్త బాధ, చెవి సాయం చేయదు. బడిలో సంధులు చెప్పి 'విడదీసి రాయుము' అనేవారు కదా, ఇక్కడా అదే మందు. 'ఇట్ ఈజ్' అనో 'ఇట్ హాజ్' అనో విడదీసినప్పుడు వాక్యం నిలబడితే పై కామా పెట్టండి. పోయిన అక్షరాల చోట అది గుర్తు. నిలబడకపోతే 'దాని' అని అర్థం, కామా వద్దు. 'బ్యాంకు తన వేళలు మార్చింది' అని రాసేచోట 'ఇట్ ఈజ్ టైమింగ్స్' అంటే కుదురుతుందా? కుదరదు.

'యువర్' అంటే మీ. 'యూ ఆర్' కలిస్తే కామా. 'దెయిర్', 'హూజ్' కూడా ఈ దారిలోవే.

పెన్షనరుకు ఉన్న కామా 'దాని'కి ఎందుకు లేదని మా మనవరాలు అడిగింది. హిజ్, హర్స్, అవర్స్ అనే సర్వనామాలకు లేదు కదా, దీనికీ లేదు అన్నాను. తమాషా ఏమిటంటే, 17, 18వ శతాబ్దాల్లో ఆంగ్లేయులే ఆ 'దాని'కి కామా పెట్టి రాసుకునేవారు. ఇప్పుడు సెల్ ఫోను కూడా అడగకుండానే ఒక్కోసారి పెట్టేస్తోంది. పంపేముందు ఒకసారి చూసుకోండి.

ట్రెజరీకో బ్యాంకుకో ఉత్తరం రాసుకున్న వారు ఉంటే భోజనాలయ్యాక నా దగ్గరకు తెండి. కళ్లజోడు, ఎర్ర పెన్ను వెంట తెచ్చుకున్నాను.