మెడలో నలిగే వెన్నుపాము: శస్త్రచికిత్స పరిశోధన ఎటు సాగుతోంది?

ఇబ్రహీంపట్నం, మంచాల, యాచారం మండలాల నుంచి డాక్టర్లు, ఫిజియోథెరపిస్టులు, నర్సులు, ఆశా కార్యకర్తలు ఇక్కడికి వచ్చారు.

మెడలో వెన్నుపాము నలిగే జబ్బుకు చేసే ఆపరేషన్ల మీద పరిశోధన ఎటు సాగుతోందో చెప్పమని నన్ను పిలిచారు. ఈ మాట చెప్పడానికి ఇబ్రహీంపట్నం తగిన చోటే. ఇక్కడి నుంచి కాస్త ముందుకు పోతే మర్రిగూడ, మునుగోడు పల్లెలు వస్తాయి. ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుములు, మెడలు బిగుసుకుపోయిన మనుషులను మీరంతా చూసినవారే. అక్కడికి చివర్లో వస్తాను.

ముందు జబ్బు సంగతి. పెద్దవాళ్ల మెడలో వెన్నుపాము దిగే కాలువ ముందు నుంచి వెనక్కి సుమారు 17 మిల్లీమీటర్లు ఉంటుంది. 13 కంటే తగ్గితే ఇరుకు అంటాం. వయసుతో డిస్కు ఉబ్బుతుంది, ఎముక అంచులు పెరుగుతాయి, లిగమెంట్లు మందమవుతాయి, కొందరిలో అవి ఎముకగానే మారిపోతాయి. అన్నీ కలిసి వెన్నుపామును నొక్కుతాయి. చిక్కేమిటంటే చాలామందికి మెడ నొప్పే ఉండదు. చొక్కా గుండీ పెట్టుకోవడం కష్టమవుతుంది. అన్నం కలిపితే ముద్ద కుదరదు. కాలి చెప్పు జారిపోయినా తెలియదు. చీకట్లో తూలుతారు. ఇంట్లోవాళ్లు వయసు మీద పడిందంటారు, మనం తిమ్మిర్లని రాసుకుని విటమిన్ సూది వేస్తాం. 2013లో ఇజ్రాయెల్ డాక్టర్లు ప్రచురించిన ఒక అధ్యయనంలో, లక్షణాలు మొదలయ్యాక జబ్బు బయటపడడానికి సగటున రెండేళ్లకు పైగా పట్టింది. చాలామందిని మొదట మణికట్టు దగ్గర నరం నలిగిందని పొరబడ్డారు.

ఇక ఆపరేషన్లు. మొదట్లో మెడ వెనక నుంచి ఎముక తీసేసే లామినెక్టమీ ఒక్కటే దారి. 1950లలో అమెరికాలో స్మిత్, రాబిన్సన్, హవాయిలో క్లోవర్డ్ గొంతు వైపు నుంచి వెళ్లి డిస్కు తీసి, ఆ పూసలను అతికించే పద్ధతులు తెచ్చారు. జపాన్‌లో వెన్నుపాముకు ముందున్న లిగమెంటు ఎముకగా మారే జబ్బు ఎక్కువ. దాని కోసం అక్కడివాళ్లు లామినోప్లాస్టీ కనిపెట్టారు. 1977లో హిరబయాషి మొదలుపెట్టిన పద్ధతిలో వెనక ఎముకను పూర్తిగా తీసేయరు. తలుపు రెక్కలా ఒక పక్కకు తెరిచి ఉంచుతారు. మన దేశంలో వెల్లూరు సీఎంసీలో రాజశేఖర్ బృందం ప్లేట్లు, స్క్రూలు వాడకుండా పూస మధ్యభాగాన్ని తొలగించే ఆపరేషన్ మీద ఏళ్ల తరబడి పనిచేసింది. ముంబై కేఈఎం ఆసుపత్రిలో అతుల్ గోయెల్ ఇంకో వాదన తెచ్చారు: అసలు మూలం పూసల కీళ్లు వదులు కావడమేననీ, వాటిని బిగిస్తే చాలనీ. దీన్ని ఒప్పుకునేవాళ్లూ ఉన్నారు, ఒప్పుకోనివాళ్లూ ఉన్నారు.

ముందు నుంచా, వెనక నుంచా అని సర్జన్లు దశాబ్దాల పాటు వాదించుకున్నారు. ఆ వాదనకు 2021లో అమెరికా వైద్య పత్రిక జామాలో వచ్చిన ప్రయోగం కొంత జవాబిచ్చింది. 163 మంది రోగులకు లాటరీ పద్ధతిలో దారి నిర్ణయించారు. ఏడాది తర్వాత శారీరక సామర్థ్యంలో రెండు వర్గాలకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. ముందు నుంచి చేసినవాళ్లలో మింగడం కష్టం కావడం వంటి ఇబ్బందులు ఎక్కువ కనిపించాయి. అదే ఏడాది లాన్సెట్ న్యూరాలజీలో మరో ఫలితం వచ్చింది: ఆపరేషన్‌తో పాటు రిలుజోల్ అనే మందు ఇచ్చి చూస్తే, ఆరు నెలలకు అదనపు లాభమేమీ కనిపించలేదు.

దారి కన్నా సమయం ముఖ్యమని తేలుతూ వస్తోంది. జపాన్ ఆర్థోపెడిక్ సంఘం 1975లో చేతులు, కాళ్లు, స్పర్శ, మూత్రం అదుపు చూసి మార్కులు వేసే పట్టిక తెచ్చింది. దానికి తర్వాత చేసిన మార్పుతో ఇవాళ 18 మార్కులకు లెక్కిస్తున్నాం. 11 లేదా అంతకు తక్కువైతే తీవ్రం, 12 నుంచి 14 మధ్యస్థం, 15 నుంచి 17 స్వల్పం. 2017 అంతర్జాతీయ మార్గదర్శకాలు మధ్యస్థ, తీవ్ర దశల్లో ఆపరేషన్ చేయమంటాయి. స్వల్ప దశలో ఆపరేషన్ అయినా చేయవచ్చు, పర్యవేక్షణలో వ్యాయామ చికిత్స అయినా ఇవ్వవచ్చు. అయితే జబ్బు ముదురుతుంటే కత్తి పట్టాల్సిందే. ఆ స్వల్ప దశలో ఎవరికి ముదురుతుందో ముందే పసిగట్టడమే ఇప్పటి పరిశోధనలో పెద్ద పని. ఎమ్మారైలో వెన్నుపాము పోగులను కొలిచే కొత్త పద్ధతులు, నడక తీరును నమోదు చేసే సెన్సర్లు, కంప్యూటర్ చేత స్కాన్లు చదివించడం, అన్నీ ఆ దిశలోనివే. పరిశోధన ఏం చేయాలో నిర్ణయించేటప్పుడు డాక్టర్లతో పాటు రోగులనూ కూర్చోబెట్టడం ఇంకో మంచి మార్పు.

ఇప్పుడు మన ఫ్లోరోసిస్ దగ్గరికి వస్తాను. 1937లో షార్ట్, ఆయన సహచరులు అప్పటి నెల్లూరు జిల్లాలో ఈ జబ్బును మన దేశంలో మొదటిసారి వివరంగా రాశారు. 1955లో సిద్దిఖీ నల్లగొండ రోగుల గురించి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. తర్వాత హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రి న్యూరోసర్జన్ డాక్టర్ డి. రాజారెడ్డి ఈ జబ్బులో నరాల దెబ్బను జీవితకాల అధ్యయనంగా చేసుకున్నారు. ఎముకల ఫ్లోరోసిస్ ఉన్నవాళ్లలో సుమారు పది శాతం మందికి నరాల ఇబ్బందులు వస్తాయనీ, ముఖ్య కారణం వెన్నుపాము, నరాల మూలాలు నలగడమేననీ ఆ పరిశోధన చెబుతుంది. వీళ్లకు ఆపరేషన్ సులువు కాదు. మెడ బిగుసుకుపోయి మత్తు గొట్టం వేయడమే గండం. ఎముక రాయిలా గట్టిపడి ఉంటుంది, లిగమెంట్లు ఎముకై వెన్నుపాము పొరను అంటుకుని ఉంటాయి. మిషన్ భగీరథ నీళ్లు వచ్చాక పిల్లలకు ఈ గతి తప్పుతుందని ఆశ. ఇప్పటికే నడివయసు దాటినవాళ్ల ఎముకల్లో చేరిన ఫ్లోరైడ్ మాత్రం ఏళ్ల తరబడి అక్కడే ఉంటుంది. జామా ప్రయోగం ఫలితాన్ని ఇలాంటి మెడకు యథాతథంగా వర్తింపజేయలేం. మన రోగులకు ఏ ఆపరేషన్ ఎప్పుడు మేలో మన లెక్కలతోనే తేలాలి.

అందుకని మూడు విన్నపాలు. ఒకటి: చేతులు మొద్దుబారాయని, నడక తూలుతోందని వచ్చిన ప్రతి ఒక్కరి చేత పది సెకన్లలో వీలైనంత వేగంగా పిడికిలి మూసి తెరిపించండి. 20 సార్లు చేయలేకపోతే అనుమానించండి. హాఫ్‌మన్ గుర్తు (మధ్యవేలి గోరు మీటితే బొటనవేలు ముడుచుకోవడం) చూడండి, గీత మీద నడిపించండి, ఆ తర్వాత ఎమ్మారైకి పంపండి. రెండు: ఇలాంటివాళ్లు సెలూన్‌లోనో మరెక్కడో మెడ విరిపించుకోకుండా గట్టిగా చెప్పండి. మూడు: పంపిన ప్రతి రోగికీ ఊరు, చిన్నప్పటి నుంచి తాగిన నీటి వనరు, మార్కులు, ఆపరేషన్ తర్వాత ఏడాదికి మార్కులు ఒక పుస్తకంలో రాసి పెట్టండి. మూడు మండలాల్లో ఐదేళ్లు ఈ పుస్తకం నిలిస్తే, రేపు ఫ్లోరోసిస్ మెడల మీద నమ్మదగిన పరిశోధనకు పునాది ఇక్కడే పడుతుంది. ఈ నెల నుంచే మొదలుపెట్టండి.